కాంతికణాలను లెక్కపెట్టే విద్య: నీలగిరి నుంచి నేటి సంఘనితాల వరకు

ఒక వెలుగు ఎంత ప్రకాశవంతమైనదో, ఏ రంగుదో తెలిసినంత మాత్రాన దాని స్వభావం తెలిసినట్లు కాదు. ఒకే రంగు, ఒకే ప్రకాశం గల రెండు వెలుగులు లోలోపల పూర్తిగా భిన్నమైనవై ఉండవచ్చును. ఆ భేదం కంటికి కనబడదు. కాంతికణాలు, అనగా ఫోటాన్లు, ఒక్కొక్క క్షణంలో ఎన్నెన్ని వచ్చి చేరుతున్నాయో లెక్కపెట్టినప్పుడే అది బయటపడుతుంది. కాంతి, ద్రవ్యం ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఏర్పడే 'సంఘనితాలు' అనే వింత స్థితులను శాస్త్రజ్ఞులు ఇప్పుడు ప్రయోగశాలల్లో సృష్టిస్తున్నారు. వాటి నిజస్వరూపాన్ని నిర్ణయించడంలోనూ ఈ లెక్కకే పెద్దపీట. ఈ విద్యకు ఆద్యులైన ఇద్దరిలో ఒకరు కోయంబత్తూరుకు ఎగువనున్న నీలగిరి కొండలలో జన్మించారు. ఈ ప్రాంతపు తెలుగువారు తెలుసుకోదగిన విశేషమిది.

నూలు చెప్పే పాఠం

కోయంబత్తూరు తెలుగువారికి ఈ విషయాన్ని నూలుతో పోల్చి చెప్పడం తేలిక. విజయనగర, నాయక రాజుల కాలం నుంచి ఈ నేలమీద స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పత్తి పండించినవారు, నేత నేసినవారు, తరువాతి కాలంలో మిల్లులు స్థాపించినవారు ఉన్నారు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు ప్రారంభించిన లక్ష్మీ మిల్స్ ఆ వరుసలోనిదే.

నూలు పని ఎరిగినవారికి 40 నంబరు నూలు అంటే ఏమిటో తెలుసు. 840 గజాల చిలపలు నలభై కలిస్తే ఒక పౌను తూగాలి. అది సగటు లెక్క. అయితే రెండు కండెల నూలు ఒకే నంబరుదైనా, ఒకదానిలో దారం మొదటినుంచి చివరివరకు ఒకే తీరుగా సాగవచ్చు. మరొకదానిలో అడుగడుగునా సన్నం, లావు తగలవచ్చు. తూకంలో రెండూ ఒకటే. మగ్గం ఎక్కిన తరువాత మాటిమాటికి తెగేది రెండవదే. అందుచేతనే మిల్లులలో నంబరు చూడడంతో సరిపెట్టుకోరు. దారాన్ని యంత్రం గుండా నడిపి దాని ఎగుడుదిగుళ్ళను కూడా కొలుస్తారు. 1956లో కోయంబత్తూరులో ఏర్పడిన దక్షిణ భారత వస్త్ర పరిశోధన సంఘం, అందరూ 'సిట్రా' అని పిలిచే సంస్థ, నూలు నాణ్యతను శాస్త్రీయంగా పరీక్షించే పనిని ఈ ప్రాంతపు మిల్లులకు అలవాటు చేసింది.

కాంతికి ప్రకాశం ఎటువంటిదో నూలుకు నంబరు అటువంటిది. ఫోటాన్ల గణాంకం ఆ ఎగుడుదిగుళ్ళ కొలత వంటిది. యాదృచ్ఛికమే అయినా, వెలుగులోని ఎగుడుదిగుళ్ళను కొలిచిన ప్రసిద్ధ ప్రయోగం వెలువడినదీ ఆ 1956లోనే.

అరవంకాడులో పుట్టిన శాస్త్రజ్ఞుడు

మేట్టుపాళయం నుంచి ఉదకమండలానికి పోయే కొండ రైలు కున్నూరు, వెల్లింగ్టన్ దాటిన తరువాత అరవంకాడు అనే స్టేషనులో ఆగుతుంది. అక్కడి కార్డైటు కర్మాగారం తుపాకిమందు తయారీకి పేరుపొందినది. ఆ ఊరిలోనే 1916 ఆగస్టు 31న రాబర్ట్ హాన్‌బరీ బ్రౌన్ జన్మించారు. తండ్రి సైన్యాధికారి. కుమారుని చదువు ఇంగ్లండులో సాగింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రాడార్ పరిశోధనలో పనిచేసి, అనంతరం ఆయన ఖగోళశాస్త్రం వైపు మళ్ళారు. 1868లో ప్రత్యేక జిల్లాగా విడివడక పూర్వం నీలగిరి కోయంబత్తూరు జిల్లాలోని భాగమే.

నక్షత్రాల వ్యాసాన్ని కొలవడం ఎలాగన్నది హాన్‌బరీ బ్రౌన్ ఎదుట నిలిచిన ప్రశ్న. గణితజ్ఞుడైన రిచర్డ్ ట్విస్‌తో కలిసి ఆయన ఒక కొత్త మార్గం ఆలోచించారు. నక్షత్రపు వెలుగును రెండు వేర్వేరు అద్దాలతో పట్టి, రెండుచోట్లా ప్రకాశంలో కలిగే సూక్ష్మమైన హెచ్చుతగ్గులు ఒకే సమయంలో కలుగుతున్నాయా లేదా అని సరిపోల్చడమే ఆ మార్గం. అద్దాలను ఎడంగా జరిపేకొద్దీ ఆ పొందిక తగ్గిపోతుంది. ఎంత దూరంలో తగ్గినదో చూసి నక్షత్రపు కోణీయ వ్యాసాన్ని గణించవచ్చు.

ముందుగా ప్రయోగశాలలో పాదరసపు దీపంతో పరీక్షించారు. వెలుగును సగం పూత పూసిన అద్దంతో రెండు పాయలుగా చీల్చి, రెండువైపులా కాంతిగ్రాహక గొట్టాలు ఉంచారు. రెండింటి నుంచి వచ్చిన విద్యుత్ప్రవాహాల హెచ్చుతగ్గులు పొందికగా ఉన్నట్లు తేలింది. ఒక ఫోటాను వచ్చిన క్షణానికి అతి సమీపంలోనే మరొకటి వచ్చే అవకాశం మామూలుకంటె ఎక్కువ అని దాని అర్థం. దీనినే ఫోటాన్లు గుంపుకట్టడం అంటారు.

శాస్త్రలోకం దీనిని వెంటనే ఒప్పుకోలేదు. దీపంలో వేర్వేరు పరమాణువుల నుంచి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పుట్టిన ఫోటాన్లు జంటలుగా ఎలా వస్తాయని పలువురు ఆక్షేపించారు. కెనడాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు తమ ప్రయోగంలో అటువంటిదేమీ కనబడలేదని ప్రకటించారు. అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ పర్సెల్ అదే 1956లో సమాధానం చెప్పారు. ఫోటాన్లు బోసు గణాంకాన్ని పాటించే కణాలు కనుక గుంపుకట్టడం వాటి స్వభావమేనని, ఆక్షేపించినవారి పరికరాలు అంత చిన్న ప్రభావాన్ని పట్టుకోగలంత సున్నితమైనవి కావని ఆయన వివరించారు. తరువాతి ప్రయోగాలు హాన్‌బరీ బ్రౌన్ పక్షాన్నే నిలిచాయి.

అదే సంవత్సరం సైన్యపు సర్చిలైట్ల అద్దాలు రెండింటితో సిరియస్ నక్షత్రాన్ని కొలిచారు. కోణీయ వ్యాసం 0.0063 సెకండ్లని వచ్చింది. హైదరాబాదులో ఉంచిన రూపాయి నాణేన్ని కోయంబత్తూరు నుంచి చూస్తే ఎంత కనబడుతుందో ఇంచుమించు అంత. తరువాత ఆస్ట్రేలియాలోని నరబ్రైలో నిర్మించిన పెద్ద పరికరంతో 32 నక్షత్రాల వ్యాసాలను నిర్ణయించారు. హాన్‌బరీ బ్రౌన్ 2002లో మరణించారు.

మూడు రకాల రాకలు

ఫోటాన్ల రాకను గ్రహించడానికి మదురై మీనాక్షి ఆలయ ద్వారాన్ని తలచుకోవచ్చు. పండుగనాడు జనం కుటుంబాలు కుటుంబాలుగా వస్తారు. కాసేపు ద్వారం ఖాళీ, అంతలోనే పదిమంది ఒక్కసారిగా ప్రవేశం. నూనెదీపం, నక్షత్రం, విద్యుద్దీపం వెలుగు ఇటువంటిది. మామూలు రోజున ఒకరితో ఒకరికి సంబంధం లేనివారు ఎవరి వీలునుబట్టి వారు వస్తారు. లేజరు వెలుగు ఇటువంటిది. ఇక ఒక్కొక్కరినే వదిలే తిరుగుడు ద్వారం పెడితే ఇద్దరు కలిసి లోపలికి రాలేరు. ఒంటరి పరమాణువు వెలువరించే వెలుగు ఇటువంటిది. ఈ మూడవ రకాన్ని 1977లో అమెరికాలోని రోచెస్టరులో సోడియం పరమాణువులతో కింబుల్, డాగెనే, మాండెల్ నిరూపించారు.

ఈ మూడింటినీ వేరుచేసే సంఖ్యను సహసంబంధ సంఖ్య అనవచ్చు. దానిని గణించడానికి హైస్కూలు లెక్క చాలు. నాలుగు సమాన కాలఖండాలలో మొత్తం 8 ఫోటాన్లు వచ్చాయనుకోవాలి. సగటు 2. ప్రతి ఖండంలోని సంఖ్యను, దానికంటె ఒకటి తక్కువైన సంఖ్యతో గుణించాలి. ఆ లబ్ధాల సగటును, మొదటి సగటు వర్గంతో, అనగా 4తో, భాగించాలి.

ఫోటాన్లు 2, 2, 2, 2గా వస్తే లబ్ధాలన్నీ 2, జవాబు 0.5. అవి 0, 2, 2, 4గా వస్తే లబ్ధాలు 0, 2, 2, 12. జవాబు సరిగ్గా 1. అవి 0, 1, 1, 6గా వస్తే లబ్ధాలు 0, 0, 0, 30, జవాబు 1.875. మూడింటిలోనూ వెలుగు మొత్తం ఒక్కటే అయినా రాక తీరు వేరు. నిజమైన ప్రయోగాలలో కాలఖండాలు నాలుగు కాదు, కోట్లు. అక్కడ ఆదర్శ దీపపు వెలుగుకు ఈ సంఖ్య 2, లేజరుకు 1, ఒంటరి పరమాణువుకు 0.

భేదం ఎంత పెద్దదో మరొక లెక్క చూపుతుంది. ఒక్కొక్క కాలఖండంలో సగటున 10 ఫోటాన్లు వచ్చే లేజరులో ఒక్కటీ రాని ఖండం సుమారు 22 వేలకు ఒకటి. అంతే సగటు గల ఆదర్శ దీపపు వెలుగులో ఖాళీ ఖండం ప్రతి 11కు ఒకటి. కన్ను ఈ రెండింటినీ ఒకే వెలుగుగా చూస్తుంది. ఎందుకంటే హెచ్చుతగ్గులు సెకనులో వందకోట్లవ వంతు, అంతకంటె తక్కువ కాలంలో ముగిసిపోతాయి.

ఈ గణాంకానికి సంపూర్ణమైన క్వాంటం సిద్ధాంతాన్ని 1963లో అమెరికాకు చెందిన రాయ్ గ్లౌబర్, కేరళలోని పళ్ళంలో పుట్టి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన ఇ.సి.జి. సుదర్శన్ అందించారు. గ్లౌబర్‌కు 2005లో నోబెల్ బహుమతి లభించింది. సుదర్శన్‌కు అందులో భాగం దక్కకపోవడం నేటికీ చర్చనీయాంశమే.

బోసు లెక్క, భగవంతం ప్రయోగం

ఫోటాన్లు గుంపుకట్టడానికి మూలం 1924లో ఢాకా విశ్వవిద్యాలయం నుంచి సత్యేంద్రనాథ్ బోసు రాసిన వ్యాసంలో ఉన్నది. ఫోటాన్లకు పేర్లు, గుర్తులు లేవు. ఒకదానినుంచి మరొకదానిని వేరుచేసి చెప్పలేము. అటువంటి వాటిని లెక్కించే పద్ధతి మామూలు వస్తువులను లెక్కించే పద్ధతికి భిన్నంగా ఉండాలని బోసు చూపారు. ఐన్‌స్టీన్ ఆ వ్యాసాన్ని స్వయంగా జర్మన్ భాషలోకి అనువదించి ప్రచురింపజేశారు. ఆ లెక్కను పరమాణువులకు వర్తింపజేసి, తగినంత చల్లబరచినప్పుడు అవి గుంపుగా ఒకే స్థితిలోకి చేరిపోతాయని 1925లో ఊహించారు. లక్షల కణాలు ఒకే అలగా ప్రవర్తించే ఆ స్థితినే బోసు-ఐన్‌స్టీన్ సంఘనితం అంటారు.

ఈ కథలో తెలుగువారి పాత్ర కూడా ఉన్నది. బోసు లెక్కలో ప్రతి ఫోటాను స్థితిని రెండుగా లెక్కించవలసి వస్తుంది. ఆ రెండుకు ఆధారమైన ఫోటాను భ్రమణాన్ని ప్రయోగపూర్వకంగా నిరూపించే వ్యాసాన్ని 1931లో కలకత్తా నుంచి సి.వి. రామన్‌తో కలిసి ప్రచురించినవారు సూరి భగవంతం. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన ఆయన అనంతరకాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా సేవచేశారు.

కాంతి, ద్రవ్యం కలిసిన కణం

పరమాణువులతో సంఘనితం చేయాలంటే అత్యంత శీతలత్వం కావాలి. 1995లో అమెరికాలో రుబీడియం పరమాణువులతో మొదటి సంఘనితం ఏర్పడినప్పటి ఉష్ణోగ్రత నిరపేక్ష శూన్యానికి పైన డిగ్రీలో కోటవ వంతుకు కాస్త ఎక్కువ. కణం ఎంత తేలికైతే అంత ఎక్కువ ఉష్ణోగ్రత వద్దనే సంఘనితం సాధ్యం. కనుక శాస్త్రజ్ఞులు తేలికైన కణం కోసం వెదికారు.

అర్ధవాహక పదార్థంలో వెలుగు పడినప్పుడు ఒక ఎలక్ట్రాను తన చోటునుంచి లేచి, వెనుక ఒక ఖాళీని వదులుతుంది. ఆ రెండూ ఒకదానికొకటి కట్టుబడి తిరిగే జంట ఎక్సిటాన్. పలుచని అర్ధవాహక పొరను అతి సమీపంలోని రెండు అద్దాల మధ్య ఉంచితే, ఫోటాను ఎక్సిటాన్‌గా, ఎక్సిటాన్ తిరిగి ఫోటానుగా మారడం ఎంత వేగంగా జరుగుతుందంటే, ఏ క్షణంలో ఏదన్నది చెప్పడానికి వీలుండదు. పాలలో నీళ్ళవలె కలిసిపోయిన ఈ కొత్త కణమే పోలరిటాన్. దాని ద్రవ్యరాశి ఎలక్ట్రానులో సుమారు పదివేలవ వంతు, అంతకంటె తక్కువ కూడా.

ఈ కలయికకు గుర్తు వర్ణపటంలో ఒక గీత రెండుగా చీలడం. అద్దాల గదిలో ఉంచిన పరమాణువుల విషయంలో ఈ చీలికను సిద్ధాంతరీత్యా వివరించిన 1984 నాటి ముఖ్యమైన వ్యాసం హైదరాబాదు విశ్వవిద్యాలయం నుంచి వెలువడింది. రచయిత అప్పట్లో అక్కడి ఆచార్యులైన గిరీశ్ అగర్వాల్. అర్ధవాహక పొరలో అదే చీలికను 1992లో క్లాడ్ వైస్‌బుష్ బృందం చూసింది. 2006లో కాడ్మియం టెల్యూరైడ్ పొరలో, సుమారు 19 కెల్విన్ వద్ద, పోలరిటాన్ల సంఘనితం ఏర్పడినట్లు ఫ్రాన్సు, స్విట్జర్లండు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. తరువాత కొన్ని పదార్థాలలో గది ఉష్ణోగ్రత వద్దనే ఇది సాధ్యమయింది.

లెక్కించడంలోని చిక్కు

సంఘనితం ఏర్పడినదనడానికి ప్రకాశం హఠాత్తుగా పెరగడం చాలదు. దీపం వెలుగును ఎంత పెంచినా అది దీపమే. లోపలి పోలరిటాన్ల సంఖ్య ఎంత నిలకడగా ఉన్నదో తెలియాలి. అద్దాల గుండా జారి బయటికి వచ్చే ఫోటాన్లే ఆ వార్తను మోసుకువస్తాయి. వాటి సహసంబంధ సంఖ్య 2 సమీపంనుంచి 1 వైపు దిగితే, చెదరిన గుంపు ఒక్క అలగా స్థిరపడుతున్నదని అర్థం. 2002లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయంలోని యామమోటో బృందం ఇటువంటి తగ్గుదలను నమోదుచేసింది.

కాని పోలరిటాన్ ఆయుర్దాయం సాధారణంగా సెకనులో లక్షకోట్లవ వంతులు కొద్దిమాత్రమే. మామూలు గ్రాహకాలు అంతకంటె ఎన్నో రెట్లు నిదానమైనవి. నిదానమైన గ్రాహకం ఎన్నో హెచ్చుతగ్గులను ఒకే ఖండంలో కలిపి లెక్కిస్తుంది. ఫలితంగా దీపపు వెలుగుకు కూడా 1కి దగ్గరైన సంఖ్యను చూపుతుంది. నూలును గజానికొకచోట కాక, చిలప మొత్తంగా తూచి ఎగుడుదిగుళ్ళు లేవనడం వంటిదే ఇది. ఈ రంగంలో 1 అనే జవాబు రాగానే సంతోషించరాదు. అది వెలుగు చెప్పిన మాటా, పరికరపు అశక్తతా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఈ చిక్కుకు రెండు పరిష్కారాలు వచ్చాయి. ఫోటాను వచ్చిన కాలాన్ని తెరమీద స్థానంగా మార్చి చూపే అతివేగ కెమెరాలను జర్మనీలోని డార్ట్‌మండు శాస్త్రజ్ఞులు ఈ పనికి వాడారు. రెండవది ఉష్ణగ్రాహకం. విద్యున్నిరోధం లేని స్థితికి, మామూలు స్థితికి సరిగ్గా అంచున నిలిపిన పలుచని లోహపు పొర అది. ఒక్కొక్క ఫోటాను తాకినప్పుడు దాని వేడిమి ఆ మేరకు పెరుగుతుంది. కనుక ఒకేసారి వచ్చినవి రెండా, ఐదా అన్నది కూడా తెలుస్తుంది. 2018లో జర్మన్ శాస్త్రజ్ఞుల బృందం ఈ పద్ధతితో పోలరిటాన్ సంఘనితపు ఫోటాన్ల పూర్తి పట్టికను కొలిచింది. శక్తిని పెంచేకొద్దీ దీపపు తరహా పట్టిక క్రమంగా లేజరు తరహా పట్టికగా మారడాన్ని వారు చూపారు. 2019లో మరి రెండు బృందాలు, స్విట్జర్లండులో ఒకటి, ఆస్ట్రేలియాలో ఒకటి, అతి చిన్న చోట బంధించిన పోలరిటాన్లలో ఈ సంఖ్యను 1 కంటె కొద్దిగా దిగువకు తేగలిగాయి. తిరుగుడు ద్వారం వైపు అది తొలి అడుగు.

బాన్ నగరంలో తేలిన విశేషం

జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ వైట్జ్ బృందం 2010లో మరొక దారి తొక్కింది. సుమారు ఒకటిన్నర మైక్రోమీటర్ల ఎడంతో ఉన్న రెండు వంపు అద్దాల మధ్య రోడమిన్ అనే రంగుద్రావణాన్ని నింపి, గది ఉష్ణోగ్రత వద్దనే ఫోటాన్లను సంఘనితం చేసింది. రంగు అణువులు ఫోటాన్లను పీల్చి తిరిగి వదలుతూ వాటిని గది ఉష్ణోగ్రతకు తెస్తాయి. లోపలి ఫోటాన్లు సుమారు 77 వేలు దాటగానే అదనంగా చేరినవన్నీ మధ్యలో పసుపు చుక్కగా కూడాయి.

అసలు ఆశ్చర్యం 2014లో అదే బృందం గణాంకాన్ని కొలిచినప్పుడు కలిగింది. రంగు అణువుల భాండారం చిన్నదైనప్పుడు సంఖ్య 1కి చేరువయింది. భాండారం చాలా పెద్దదైనప్పుడు మాత్రం, సంఘనితం ఏర్పడిన తరువాత కూడా, సంఖ్య 1కి ఎంతో పైన, 2 వైపుగా నిలిచింది. వర్తకుని గల్లాపెట్టెతో దీనిని పోల్చవచ్చు. తన సొమ్ముతోనే వ్యాపారం చేసేవాని పెట్టెలో డబ్బు ఇంచుమించు నిలకడగా ఉంటుంది. పెద్ద షావుకారుతో ఇచ్చిపుచ్చుకునే ఖాతా ఉన్నవాని పెట్టె ఒక గంట నిండుగా, మరొక గంట ఖాళీగా ఉండవచ్చు. మొత్తం లెక్కలో తేడా రాదు. ఫోటాన్లు కూడా భాండారంతో అలాగే ఇచ్చిపుచ్చుకుంటాయి.

సంఘనితం అన్నంత మాత్రాన వెలుగు నిలకడైనదని చెప్పలేమని ఈ ప్రయోగం స్పష్టం చేసింది. అది దేనితో కలిసి ఉన్నదో, ఎంత భాండారంతో ఇచ్చిపుచ్చుకుంటున్నదో కూడా తెలియాలి. ఆ సంగతిని సగటు ప్రకాశం ఎన్నటికీ చెప్పదు.

ఈ లెక్క ఎవరికి అవసరం?

తక్కువ శక్తితో పనిచేసే కొత్త లేజర్లకు, దొంగచాటుగా వినడానికి వీలులేని క్వాంటం సమాచార పద్ధతులకు ఈ కొలతే గీటురాయి. రహస్య సందేశానికి ఒక్కొక్క ఫోటానునే పంపవలసినచోట రెండు కలిసి వెళితే, రెండవదానిని మరొకరు పట్టుకునే ప్రమాదం ఉన్నది.

కోయంబత్తూరు, మదురై తెలుగు ఇళ్ళలో పిల్లలు తెలుగు మాట్లాడుతూనే చదువు తమిళంలోనో ఇంగ్లీషులోనో సాగిస్తున్నారు. తమిళనాడు ప్రభుత్వం 2006లో చేసిన తమిళ అభ్యసన చట్టంతో తమిళం తప్పనిసరి పాఠ్యభాషగా తరగతివెంట తరగతికి విస్తరించింది. శాస్త్రం ఇంటిభాషలో చెప్పుకునే అవకాశం అంతకంతకు తగ్గుతున్నది. గుంపుకట్టడం, సంఘనితం, భాండారం వంటి మాటలు ఇంటిలో వినబడితే, ఇంత గహనమైన విషయం కూడా నూలు, గల్లాపెట్టె, గుడి ద్వారం ఎరిగినవారికి పరాయిది కాదని పిల్లలకు తెలుస్తుంది. పై నాలుగు ఖండాల లెక్కను తొమ్మిదవ తరగతి విద్యార్థి కాగితం మీద స్వయంగా చేసి చూడవచ్చు. మొత్తం 8 ఉండేలా సంఖ్యలను మార్చి మార్చి వేస్తే, 1కి దిగువన వచ్చే అమరికలు ఏవో, ఎగువన వచ్చేవి ఏవో తెలిసిపోతుంది. అరవంకాడులో పుట్టిన శాస్త్రజ్ఞుడు నక్షత్రాలను కొలిచినది ఆ తేడాను పట్టుకునే.